బహుభాగ కాంపోనెంట్లు: సింబల్, ఫుట్‌ప్రింట్ రూపకల్పన

ఒకే ప్యాకేజీలో ఒకటికి మించి సర్క్యూట్ భాగాలున్న ఎలక్ట్రానిక్ వస్తువును బహుభాగ కాంపోనెంట్ అంటారు. నాలుగు నాండ్ గేట్లున్న 7400 ఐసీ, రెండు ఆప్-ఆంప్‌లున్న ఎల్‌ఎమ్358, ఒక్క కాయిల్‌తో రెండు జతల కాంటాక్టులను కదిలించే రిలే, స్టీరియో ఆంప్లిఫైయర్‌లో ఒకే నాబ్ తిప్పితే రెండు చానళ్ల శబ్దాన్నీ మార్చే డబుల్ వాల్యూమ్ కంట్రోల్, వందల కాళ్లున్న ఎఫ్‌పీజీఏ చిప్పు అన్నీ ఈ కోవలోవే. సర్క్యూట్ గీసేటప్పుడు వీటిని ముక్కలుగా విడదీసి, ఎక్కడ పని ఉంటే అక్కడ పెడతారు. బోర్డు తయారయ్యేసరికి ఆ ముక్కలన్నీ ఒకే శరీరంగా ఒకే చోట కూర్చోవాలి.

స్కీమాటిక్‌లో కనిపించే బొమ్మ పేరు సింబల్. బోర్డు మీద రాగి ప్యాడ్‌లు, రంధ్రాలు, హద్దు గీతలతో ఉండే అచ్చు పేరు ఫుట్‌ప్రింట్. సింబల్ ఉన్నది చదివే మనిషి కోసం. ఫుట్‌ప్రింట్ ఉన్నది ఆ వస్తువు కాళ్లు సరిగ్గా కూర్చుని టంకం పట్టడం కోసం. ఈ రెంటికీ పోలిక ఏమీ లేదు, ఉండనక్కర్లేదు. రెంటినీ కలిపే లంకె ఒక్కటే: పిన్ను నంబరు. సింబల్‌లో 6 అని రాసిన పిన్ను బోర్డు మీద 6 అని రాసిన ప్యాడ్‌కు పోతుంది. సాఫ్ట్‌వేర్‌కు ఇంతకు మించి ఏమీ తెలియదు. అందుకే బహుభాగ కాంపోనెంట్ తయారీలో బొమ్మ అందంగా రావడం కంటే నంబర్లు సరిగ్గా పడడమే ముఖ్యం. ఈ రంగంలో పాడైన బోర్డుల్లో చాలా వాటి కథ ఒక తప్పు నంబరుతోనే మొదలవుతుంది.

నాలుగు వాటాల ఇంటిని తలుచుకుంటే ఈ ఏర్పాటు తేలిగ్గా బోధపడుతుంది. ఏ వాటా గుమ్మం దానిదే, కానీ ఇంటి నంబరు ఒకటే, కరెంటు మీటరూ ఒకటే. స్కీమాటిక్‌లో యు1ఎ, యు1బి, యు1సి, యు1డి అని రాస్తే, యు1 మొత్తం ఐసీ గుర్తు, చివరి అక్షరం అందులోని యూనిట్ గుర్తు. ఆ నాలుగూ నాలుగు వేరు వేరు పేజీల్లో ఉన్నా, కొనాల్సిన సామాన్ల జాబితాలో యు1 ఒక్కటే కనిపిస్తుంది.

వాల్వుల కాలం నుంచి

ఈ పద్ధతి ఐసీలతో పుట్టలేదు. 1926లో బెర్లిన్‌లోని లోవే కంపెనీ 3ఎన్‌ఎఫ్ అనే వాల్వును తెచ్చింది. ఒకే గాజు బుడ్డిలో మూడు ట్రయోడ్‌లు, వాటికి కావలసిన నాలుగు రెసిస్టర్లు, రెండు కెపాసిటర్లు ఉండేవి. దాదాపు ఒక రేడియో అంతా అందులోనే. తర్వాత వచ్చిన జోడు ట్రయోడ్‌లలో అందరికీ తెలిసినది 1947లో ఆర్‌సీఏ విడుదల చేసిన 12ఏఎక్స్7. యూరప్‌లో దీన్నే ఈసీసీ83 అంటారు. గిటార్ ఆంప్లిఫైయర్లలో ఈనాటికీ వాడుకలో ఉంది. తొమ్మిది కాళ్లలో 1, 2, 3 ఒక ట్రయోడ్‌వి, 6, 7, 8 రెండోదానివి. మిగిలిన 4, 5, 9 రెంటినీ వేడిచేసే ఫిలమెంట్‌వి.

పాత ఆంప్లిఫైయర్ స్కీమాటిక్ ఏదైనా తెరిచి చూడండి. మొదటి ట్రయోడ్ మైక్రోఫోన్ దగ్గర ఉంటుంది, రెండోది టోన్ కంట్రోల్ దాటాక ఉంటుంది, ఫిలమెంట్ మాత్రం పేజీ అడుగున, పవర్ ట్రాన్స్‌ఫార్మర్ పక్కన విడిగా ఉంటుంది. సిగ్నల్ ప్రయాణాన్ని చదివేవారికి ఫిలమెంట్ అడ్డు రాకూడదు, అలాగని అది కాగితం మీద లేకుండా పోకూడదు. నేటి సింబల్ లైబ్రరీల్లో పవర్ కాళ్లను విడి యూనిట్‌గా పెట్టే పద్ధతికి మూలం ఇదే. వాల్వుల వాళ్లు తేల్చిన ఈ సంగతిని మధ్యలో కొన్నాళ్లు మరిచి, మళ్లీ నేర్చుకున్నాం. ఆ మాట కిందికి వస్తుంది.

టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీలలో, రైల్వే సిగ్నలింగ్‌లో రిలేలకూ ఇదే తీరు. కాయిల్ ఒక చోట, అది కదిలించే కాంటాక్టులు అవి తెరిచే లేదా మూసే వైర్ల మీద మరో చోట గీసేవారు. పారిశ్రామిక రిలేల టెర్మినల్ నంబర్లలోనే ఈ విభజన కనిపిస్తుంది: కాయిల్‌కు ఎ1, ఎ2, మొదటి కాంటాక్టుకు 11, 12, 14, రెండోదానికి 21, 22, 24. మొదటి అంకె ఏ కాంటాక్టో చెబుతుంది, రెండోది అందులో ఏ కొనో చెబుతుంది. 1 ఉమ్మడి కొన, 2 మామూలుగా మూసి ఉండేది, 4 మామూలుగా తెరిచి ఉండేది. నంబరు చూడగానే పని తెలిసిపోయే ఈ ఏర్పాటు ఎంతో మెచ్చుకోదగ్గది. ఐసీలకు అలాంటి భాగ్యం లేదు.

1964లో రెండు విషయాలు దాదాపు కలిసి జరిగాయి. ఫెయిర్‌చైల్డ్ కంపెనీలో రెండు వరసల కాళ్లున్న డిప్ ప్యాకేజీ రూపొందింది. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ 5400 టీటీఎల్ వరసను తెచ్చింది. 1966లో అదే వరస చవకైన ప్లాస్టిక్ ఒంటితో 7400గా వచ్చాక, ఒక్కో బోర్డు మీద పదుల కొద్దీ గేట్లు సర్దడం మామూలు పనైంది. కంప్యూటర్లు రాకముందు మైలార్ షీటు మీద బోర్డుకు రెండింతలో నాలుగింతలో పెద్ద కొలతలో నల్లటి క్రేప్ టేపు అంటించి రాగి దారులు వేసేవారు. ఏ గేటు ఏ ఐసీలోకి వెళ్తే దారులు తక్కువ అడ్డుపడతాయో పెన్సిల్‌తోనే లెక్క చూసుకునేవారు. యూనిట్ అక్షరాలు వేయడం, గేట్లు మార్చుకోవడం అన్నీ అప్పటి అలవాట్లే.

ఎక్కడ కోయాలి

బహుభాగ కాంపోనెంట్లలో సజాతీయాలు, విజాతీయాలు అని రెండు రకాలున్నాయి. ఓర్‌క్యాడ్ వంటి సాఫ్ట్‌వేర్లలో ఈ విభజన మొదటి ప్రశ్నగానే ఎదురవుతుంది. 7400లో నాలుగు గేట్లూ ఒకే రకం కాబట్టి ఒక బొమ్మ గీసి, నంబర్లు మాత్రం నాలుగు జట్లు ఇస్తే చాలు. ఇది సజాతీయం. రిలేలో కాయిల్‌కూ కాంటాక్టుకూ పోలిక లేదు. ఎఫ్‌పీజీఏలో కాళ్ల గుంపును బ్యాంకు అంటారు, ఒక బ్యాంకుకూ ఇంకో బ్యాంకుకూ కాళ్ల సంఖ్యే వేరు కావచ్చు. ఇవి విజాతీయాలు, ప్రతి యూనిట్‌కూ విడి బొమ్మ గీయాలి.

విడగొట్టే ముందు వేసుకోవలసిన ప్రశ్న ఒకటే: ఈ భాగం ఇంకోదాని సహాయం లేకుండా స్కీమాటిక్‌లో వేరే చోట పని చేస్తుందా? చేస్తే విడదీయాలి, లేకపోతే కలిపి ఉంచాలి. రెండు డయోడ్‌లుండే చిన్న ఎస్‌ఓటీ-23 ప్యాకేజీ వస్తువులు దీనికి మంచి పరీక్ష. బీఏవీ70లో రెండు డయోడ్‌ల కాథోడ్‌లు కలిసి 3వ కాలుకు వస్తాయి. బీఏడబ్ల్యూ56లో ఆనోడ్‌లు కలిసి వస్తాయి. బీఏవీ99లో ఒకదాని వెనక ఒకటిగా ఉండి, మధ్య కీలు 3వ కాలుకు వస్తుంది. ఫుట్‌ప్రింట్ మూడింటికీ ఒకటే, సింబల్‌లు మాత్రం మూడు. వీటిని రెండేసి డయోడ్‌లుగా విడగొడితే 3వ నంబరు పిన్ను రెండు యూనిట్లలోనూ రాయాలి. ఒక పేజీలో దాన్ని ఒక వైరుకు, ఇంకో పేజీలో మరో వైరుకు కలిపితే బోర్డు మీద ఆ రెండు వైర్లూ ఒకటైపోతాయి. కైక్యాడ్ అనే బోర్డు రూపకల్పన సాఫ్ట్‌వేర్ ఈ చిక్కును పసిగట్టి హెచ్చరిస్తుంది. అసలు ఆ పరిస్థితే రాకుండా జోడు డయోడ్‌లను ఒకే సింబల్‌గా ఉంచడం మేలు.

దీనికి భిన్నంగా బీసీ847బీఎస్‌ను చూడండి. ఆరు కాళ్ల ఎస్‌ఓటీ-363లో రెండు ఎన్‌పీఎన్ ట్రాన్సిస్టర్లు, ఉమ్మడి కాలు ఒక్కటీ లేదు. మొదటిదాని ఎమిటర్ 1, బేస్ 2, కలెక్టర్ మాత్రం అవతలి వరసలోని 6. రెండోదాని ఎమిటర్ 4, బేస్ 5, కలెక్టర్ 3. నిస్సంకోచంగా రెండు యూనిట్లు చేయవచ్చు. ఇందులో ఒక ముచ్చటైన అమరిక ఉంది. ప్యాకేజీని నూటఎనభై డిగ్రీలు తిప్పి పెట్టినా 1 చోట 4, 2 చోట 5, 3 చోట 6 వచ్చి, ట్రాన్సిస్టర్లు ఒకదాని స్థానంలో ఒకటి కూర్చుంటాయి తప్ప ఏమీ చెడదు. ఈ వెసులుబాటు చాలా ఐసీలకు ఉండదు.

పవర్ కాళ్ల సంగతి

1980ల, 90ల లైబ్రరీల్లో లాజిక్ ఐసీల పవర్ కాళ్లను దాచేసేవారు. 7400 గేటు గీస్తే మూడు కాళ్లే కనిపిస్తాయి. 14, 7 నంబర్లు కంటికి కనబడకుండా, వీసీసీ, గ్రౌండ్ అన్న పేర్లున్న వైర్లకు తమంతట తామే కలిసిపోతాయి. బోర్డు మొత్తం 5 వోల్టుల మీద నడిచిన రోజుల్లో ఇది పేజీని శుభ్రంగా ఉంచింది. 3.3 వోల్టుల చిప్పులు వచ్చి ఒకే బోర్డు మీద రెండు మూడు వోల్టేజీలు చేరాక అదే పెద్ద ప్రమాదమైంది. 3.3 వోల్టుల మీద నడవాల్సిన గేటు దాచిన పిన్ను ద్వారా 5 వోల్టులకు అంటుకుంటుంది. స్కీమాటిక్‌ను ఎన్నిసార్లు చదివినా తప్పు కంటబడదు, ఎందుకంటే అది కాగితం మీద లేనే లేదు.

అందుకే నేటి మంచి పద్ధతి పవర్ కాళ్లకు విడిగా ఒక యూనిట్ ఇవ్వడం. నాలుగు గేట్ల 7400కు ఐదో యూనిట్, రెండు ఆప్-ఆంప్‌ల ఎల్‌ఎమ్358కు మూడో యూనిట్. దాని పక్కనే ఆ ఐసీకి చెందిన 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్‌ను గీస్తే, బోర్డు వేసేవారికి ఆ కెపాసిటర్ ఏ ఐసీ పక్కన ఉండాలో అడగకుండానే తెలుస్తుంది. మొదటి గేటు బొమ్మకే పవర్ కాళ్లు తగిలించే మరో పద్ధతి కూడా ఉంది. అది పని చేస్తుంది కానీ, ఆ గేటును వేరే గేటుతో మార్చుకోవడం కుదరదు. విడి యూనిట్‌కు ఓటు వేయడమే సబబు.

ఎల్‌ఎమ్358ను దగ్గరగా

ఎనిమిది కాళ్ల ఎల్‌ఎమ్358 ఈ పనంతటినీ ఒక్క చోట చూపించగల ఐసీ. డేటాషీట్ ప్రకారం మొదటి ఆప్-ఆంప్ అవుట్‌పుట్ 1, మైనస్ ఇన్‌పుట్ 2, ప్లస్ ఇన్‌పుట్ 3. రెండోదాని ప్లస్ 5, మైనస్ 6, అవుట్‌పుట్ 7. గ్రౌండ్ లేదా నెగటివ్ సరఫరా 4, పాజిటివ్ 8. వరస ఎలా తిరగబడిందో గమనించాలి. మొదటి యూనిట్‌లో అవుట్‌పుట్, మైనస్, ప్లస్ అన్న క్రమం ఉంటే, రెండోదానిలో ప్లస్, మైనస్, అవుట్‌పుట్. కాళ్లు ఐసీ చుట్టూ గడియారం ముల్లుకు ఎదురుదిశలో లెక్కకు వస్తాయి కాబట్టి, లోపలి రెండు ఆప్-ఆంప్‌లు అద్దంలో ప్రతిబింబాల్లా కూర్చున్నాయి. మొదటి యూనిట్ నంబర్లకు నాలుగు కలిపి రెండో యూనిట్‌కు వేసేస్తే 5 అవుట్‌పుట్, 7 ప్లస్ ఇన్‌పుట్ అయిపోతాయి.

కైక్యాడ్ సింబల్ ఎడిటర్‌లో కొత్త సింబల్ తెరిచి, యూనిట్ల సంఖ్య 3 అని ఇవ్వాలి. యూనిట్లన్నీ ఒకదానికొకటి మార్చుకోదగ్గవి అన్న గడిలో టిక్ తీసేయాలి, ఎందుకంటే మూడోది ఆప్-ఆంప్ కాదు. ఎ యూనిట్‌లో త్రికోణం గీసి మూడు పిన్నులు, బి యూనిట్‌లోనూ అదే, సి యూనిట్‌లో పైన 8, కింద 4 పెట్టాలి. పిన్నుల కొనలు 2.54 మిల్లీమీటర్ల, అంటే 100 మిల్‌ల గ్రిడ్ మీదే ఉండాలి. గ్రిడ్ తప్పిన పిన్నుకు వైరు ఆనినట్టు కనిపిస్తుంది కానీ కలవదు. ఈ ఒక్క అశ్రద్ధ కొత్తవాళ్లను గంటల తరబడి వెతికిస్తుంది.

ప్రతి పిన్నుకూ విద్యుత్ స్వభావం చెప్పాలి: ఇన్‌పుట్, అవుట్‌పుట్, పవర్ ఇన్‌పుట్ అని. ఇది అలంకారం కాదు. రెండు అవుట్‌పుట్‌లు ఒకే వైరుకు కలిసినా, పవర్ ఇన్‌పుట్‌కు ఎక్కడినుంచీ సరఫరా రాకపోయినా, స్కీమాటిక్ తనిఖీ ఈ వివరాన్ని బట్టే పట్టుకుంటుంది. అన్నిటికీ పాసివ్ అని రాసేస్తే హెచ్చరికలు మాయమవుతాయి, వాటితో పాటు కాపలా కూడా పోతుంది.

కైక్యాడ్ 6వ వెర్షన్ 2021 డిసెంబరులో వచ్చినప్పటి నుంచి సింబల్ ఫైళ్లు కొత్త టెక్స్ట్ రూపంలో ఉన్నాయి. తెరిచి చూస్తే ఒక్కో యూనిట్ పేరు చివర _1_1, _2_1, _3_1 అని కనిపిస్తుంది. మొదటి అంకె యూనిట్, రెండోది బొమ్మ రూపం. అక్కడ మొదటి అంకె సున్నా అయితే, ఆ గీతలు అన్ని యూనిట్లకూ ఉమ్మడి. ఆల్టియమ్ సాఫ్ట్‌వేర్‌లో కూడా సున్నా భాగం అన్నది ఇదే అర్థంతో ఉంది. ఉమ్మడి పవర్ కాళ్లను అందులో పెట్టవచ్చు.

ఫుట్‌ప్రింట్ వైపు

యూనిట్లు ఎన్నయినా ఫుట్‌ప్రింట్ ఒక్కటే. దానికి ఆప్-ఆంప్‌లు తెలియవు, ఎనిమిది కాళ్లు మాత్రమే తెలుసు. ఎల్‌ఎమ్358 డిప్-8లో దొరికితే కాళ్ల మధ్య దూరం 2.54 మిల్లీమీటర్లు, వరసల మధ్య 7.62 మిల్లీమీటర్లు. 0.8 మిల్లీమీటర్ల రంధ్రం, దాని చుట్టూ 1.6 మిల్లీమీటర్ల ప్యాడ్ సరిపోతాయి. ఒకటో ప్యాడ్‌ను మిగతావాటిలా గుండ్రంగా కాక చతురస్రంగా చేయడం ఆనవాయితీ.

రంధ్రాలు లేకుండా బోర్డు పైనే టంకం పట్టే ఎస్‌ఓఐసీ-8 ప్యాకేజీలో లెక్క ఇంకాస్త లోతైనది. ఇక్కడ ఐపీసీ-7351 ప్రమాణం దారి చూపుతుంది. 1987 నాటి ఐపీసీ-ఎస్‌ఎమ్-782 స్థానంలో ఇది 2005లో వచ్చింది, దాని బి ప్రతి 2010లో. కాలి కొన దాటి బయటికి, మడమ వెనక్కి, పక్కలకు టంకం ఎంత పట్టాలో ఇది మూడు స్థాయిల్లో చెబుతుంది. మధ్య స్థాయిలో కాలి కొన దాటి 0.35 మిల్లీమీటర్లు, మడమ దగ్గర 0.35, పక్కకు 0.03. ఎస్‌ఓఐసీ-8 కాళ్ల చివరి నుంచి చివరికి దూరం 5.8 నుంచి 6.2 మిల్లీమీటర్ల మధ్య ఉండవచ్చు. కనిష్ఠమైన 5.8కి రెండు వైపులా 0.35 చొప్పున 0.7 కలపాలి. ఆపైన ఐసీ తయారీలో, బోర్డు తయారీలో, యంత్రం పెట్టే చోటులో వచ్చే తేడాలను వర్గాలు చేసి కూడి వర్గమూలం తీస్తే సుమారు 0.41 వస్తుంది. మొత్తం దాదాపు 6.9 మిల్లీమీటర్లు. కైక్యాడ్ లైబ్రరీలోని ఎస్‌ఓఐసీ-8 ఫుట్‌ప్రింట్‌లో ప్యాడ్‌ల బయటి అంచుల మధ్య దూరం సరిగ్గా ఇదే: మధ్య నుంచి 2.475 మిల్లీమీటర్ల దూరంలో 1.95 పొడవు, 0.6 వెడల్పు ఉన్న ప్యాడ్‌లు.

ప్రమాణం ప్రకారం పెట్టే పేరులోనూ కొలతలే ఉంటాయి. ఎస్‌ఓఐసీ127పి600ఎక్స్175-8ఎన్ అంటే కాళ్ల మధ్య 1.27, కాళ్ల విస్తారం 6.00, ఎత్తు 1.75 మిల్లీమీటర్లు, ఎనిమిది కాళ్లు, మధ్య స్థాయి. మొదటిసారి చూస్తే భయపెట్టే పేరే. కానీ డేటాషీట్ పక్కన పెట్టుకుంటే అదే చెక్‌లిస్టు అవుతుంది.

రాగి ఒక్కటే ఫుట్‌ప్రింట్ కాదు. టంకం అంటకుండా ఆపే మాస్క్, సోల్డర్ పేస్ట్ వేసే చోటు, తెల్ల ఇంకుతో ముద్రించే గీతలు, అసలు ఒంటి కొలత చూపే పొర, ఇంకో కాంపోనెంట్ రాకూడని హద్దు కూడా ఉంటాయి. కైక్యాడ్ లైబ్రరీ నియమాల్లో ఆ హద్దు మామూలు కాంపోనెంట్‌కు 0.25 మిల్లీమీటర్లు, కనెక్టర్‌కు 0.5, కాళ్లకు బదులు అడుగున టంకం బంతులుండే బీజీఏకు 1.0. అడుగున పెద్ద లోహపు పలక ఉండే ప్యాకేజీలకు ఆ పలకను కూడా ఒక పిన్నుగా లెక్కించి నంబరు ఇవ్వాలి. 32 కాళ్ల క్యూఎఫ్‌ఎన్‌కు సాధారణంగా 33. సింబల్‌లో ఆ 33 పవర్ యూనిట్‌లోకే వెళ్తుంది. మరిచిపోతే వేడి పోయే దారే ఉండదు.

నంబర్ల దగ్గర వచ్చే చిక్కులు

పని ఒకటే అయినంత మాత్రాన కాళ్లు ఒకటే కావు. 7400లో రెండో నాండ్ గేటుకు 4, 5 ఇన్‌పుట్‌లు, 6 అవుట్‌పుట్. సీమాస్ 4011 కూడా నాలుగు నాండ్ గేట్లదే, 14 కాళ్లదే, పవర్ కూడా 14, 7లోనే. కానీ దాని రెండో గేటు ఇన్‌పుట్‌లు 5, 6, అవుట్‌పుట్ 4. మూడో గేటుకూ ఇదే తేడా: 7400లో అవుట్‌పుట్ 8, 4011లో 10. మొదటి గేటు, నాలుగో గేటు మాత్రం రెంటిలోనూ ఒకేలా ఉండడం వల్ల, పైపైన సరిచూసినవారు ఏ తేడా లేదనుకుని సింబల్‌ను కాపీ చేసేస్తారు. 7402 నార్ ఐసీలో మొదటి గేటే తిరగబడి ఉంటుంది: 1 అవుట్‌పుట్, 2, 3 ఇన్‌పుట్‌లు.

ట్రాన్సిస్టర్లలో ఇదే చిక్కు మరో రూపంలో ఉంది. బీసీ547, 2ఎన్3904 రెండూ టీఓ-92 ఒంటివే. మొదటిదానిలో వరస కలెక్టర్, బేస్, ఎమిటర్. రెండోదానిలో ఎమిటర్, బేస్, కలెక్టర్. ఫుట్‌ప్రింట్ ఒకటే కావచ్చు, సింబల్ నంబర్లు వేరుగా ఉండాలి.

రిలేలలో ఇంకో ఉచ్చు ఉంది. ఓమ్రాన్ జీ5వీ-2 కాళ్లు ఎనిమిదే అయినా వాటి నంబర్లు 1, 4, 6, 8, 9, 11, 13, 16. పదహారు కాళ్ల ఐసీ చోట్ల లెక్కన వేసి, లేనివాటిని వదిలేశారు. దీనికి 1 నుంచి 8 వరకు సొంతంగా నంబర్లు వేసుకుంటే సింబల్ ఒక లెక్కన, ఫుట్‌ప్రింట్ ఒక లెక్కన తయారయ్యే ప్రమాదం ఉంది. డేటాషీట్ నంబర్లనే రెండు చోట్లా వాడాలి. పైగా రిలేల డేటాషీట్లలో కాళ్ల బొమ్మను చాలాసార్లు అడుగు నుంచి చూసినట్టు ఇస్తారు. వాల్వుల సాకెట్లకూ అదే ఆనవాయితీ. ఆ మాట చిన్న అక్షరాల్లో పక్కనే ఉంటుంది. అది చదవకుండా బొమ్మను యథాతథంగా దింపితే ఫుట్‌ప్రింట్ ఎడమ కుడి తారుమారై వస్తుంది.

వాడని యూనిట్లు, మారే యూనిట్లు

నాలుగు గేట్లలో మూడే అవసరమైతే నాలుగోది స్కీమాటిక్‌లో పెట్టకుండా వదిలేయవచ్చు. బోర్డు మీద మాత్రం దాని కాళ్లు ఉండనే ఉంటాయి. సీమాస్ ఇన్‌పుట్‌ను గాలిలో వదిలితే అది అటూ ఇటూ ఊగుతూ కరెంటు లాగుతుంది, వేడెక్కుతుంది. దాన్ని గ్రౌండ్‌కో సరఫరాకో కట్టాలి. వాడని ఆప్-ఆంప్ అయితే అవుట్‌పుట్‌ను మైనస్ ఇన్‌పుట్‌కు కలిపి, ప్లస్ ఇన్‌పుట్‌ను సరఫరా మధ్యలోని ఒక వోల్టేజీకి కట్టడం మంచి పద్ధతి. ఇవన్నీ జరగాలంటే వాడని యూనిట్ కూడా పేజీ మీద కనిపించాలి. ఒక మూలన పెట్టినా సరే.

గేట్లు ఒకేలాంటివి కాబట్టి బోర్డు మీద దారులు సులువవుతాయనుకుంటే యు1ఎ స్థానంలో యు1సిని వాడుకోవచ్చు, ఆ మార్పును స్కీమాటిక్‌కు తిరిగి పంపవచ్చు. ఇక్కడ జాగ్రత్త పడాల్సింది జోడు ట్రాన్సిస్టర్ల దగ్గర. కరెంట్ మిర్రర్‌లోనో డిఫరెన్షియల్ జతలోనో రెండు ట్రాన్సిస్టర్లూ ఒకే ఉష్ణోగ్రతలో ఉండాలనే ఒకే ఒంట్లో ఉన్నవాటిని ఎంచుకుంటారు. నంబర్లు మళ్లీ వేయించినప్పుడు సాఫ్ట్‌వేర్ ఒక సగాన్ని క్యూ3లో, ఇంకో సగాన్ని క్యూ7లో పడేస్తే సర్క్యూట్ తప్పేమీ చూపదు, తనిఖీ హెచ్చరించదు, కొలతలు మాత్రం వేడితో జారిపోతూ ఉంటాయి.

పెద్ద చిప్పులు

ఆర్టిక్స్-7 ఎఫ్‌పీజీఏ ఒక ప్యాకేజీలో 18 వరసల్లో 18 చొప్పున 324 బంతులుంటాయి. వరసలకు అక్షరాలు, నిలువులకు అంకెలు. అక్షరాల్లో ఐ, ఓ, క్యూ, ఎస్, ఎక్స్, జడ్ వదిలేస్తారు, అంకెలతోనో ఒకదానితో ఒకటో పొరబడకుండా. హెచ్ తర్వాత నేరుగా జె వస్తుంది. 324 పిన్నుల పెట్టెను ఒకే సింబల్‌గా గీస్తే ఏ కాగితానికీ పట్టదు, పట్టినా ఎవరూ చదవలేరు. కాబట్టి 50 ఇన్‌పుట్ అవుట్‌పుట్ పిన్నుల చొప్పున ఉండే బ్యాంకులను, కాన్ఫిగరేషన్‌ను, కోర్ సరఫరాను, గ్రౌండ్‌ను విడి యూనిట్లుగా చేస్తారు.

ఒక్క విషయంలో మాత్రం పవర్‌ను విడిగా ఉంచే నియమాన్ని సడలించాలి. ప్రతి బ్యాంకుకూ తన సొంత వోల్టేజీ పిన్నులుంటాయి, ఆ బ్యాంకులోని సిగ్నళ్లు ఎంత వోల్టేజీలో నడుస్తాయో అవే నిర్ణయిస్తాయి. వాటిని ఆ బ్యాంకు యూనిట్‌లోనే ఉంచితే, 1.8 వోల్టుల మెమరీని 3.3 వోల్టుల బ్యాంకుకు తగిలించే తప్పు అదే పేజీలో కళ్లకు కడుతుంది. ఇంత పెద్ద సింబల్‌లను చేత్తో గీయకూడదు. తయారీదారు ఇచ్చే పిన్నుల పట్టిక నుంచి స్క్రిప్టుతో పుట్టించాలి.

ఒకే కాంపోనెంట్, పలు శరీరాలు

ఇంతవరకూ చూసినది ఒక శరీరానికి పలు బొమ్మలు. దీనికి తలకిందులైన సందర్భమూ ఉంది. ఆర్డ్యునో ఉనో మీద కూర్చునే షీల్డ్ అనే అదనపు బోర్డుకు 10, 8, 8, 6 పిన్నుల నాలుగు కనెక్టర్లు కావాలి. డిజిటల్ వైపు 7, 8 పిన్నుల మధ్య దూరం 160 మిల్‌లు, అంటే 4.064 మిల్లీమీటర్లు. మిగతా పిన్నులన్నీ 100 మిల్‌ల దూరంలో ఉండగా ఇదొక్కటే గ్రిడ్‌కు ఒదగదు. నాలుగు విడి కనెక్టర్లుగా పెట్టి చేత్తో సర్దితే ఆ తేడా ఎక్కడో ఒక చోట తప్పుతుంది. నాలుగు కనెక్టర్ల ప్యాడ్‌లనూ వాటి సరైన దూరాల్లో ఒకే ఫుట్‌ప్రింట్‌లో బిగించేస్తే ఆ భయం లేదు. 2020లో వచ్చిన రాస్‌ప్‌బెర్రీ పై కంప్యూట్ మాడ్యూల్ 4 కింద రెండు 100 పిన్నుల కనెక్టర్లుంటాయి. వాటికీ ఇదే పద్ధతి: 200 ప్యాడ్‌ల ఒకే ఫుట్‌ప్రింట్, పని వారీగా విడగొట్టిన సింబల్. ఫ్యూజుకు పెట్టే రెండు క్లిప్పులదీ ఇదే దారి. సామాన్ల జాబితాలో మాత్రం కనెక్టర్లు ఎన్ని కొనాలో, క్లిప్పులు ఎన్నో విడిగా రాయడం మరువకూడదు.

సాఫ్ట్‌వేర్ల తీరు

జర్మనీలో క్యాడ్‌సాఫ్ట్ 1988లో తెచ్చిన ఈగిల్‌లో సింబల్, ప్యాకేజీ, వాటిని జతచేసే డివైస్ అని మూడు అంచెలుండేవి. సింబల్‌లో పిన్నులకు పేర్లే ఉంటాయి. నంబర్లతో ముడి డివైస్ దగ్గర పడుతుంది. పవర్ గేటును అడిగినప్పుడే బయటికి తెచ్చే వీలూ ఉంది. ఆటోడెస్క్ 2016లో దాన్ని కొన్నది. జీఈడీఏ అనే సాఫ్ట్‌వేర్ దారి వేరు: ఒకే బొమ్మ, పక్కన ఒక పట్టీ. అందులో యూనిట్‌ను స్లాట్ అంటారు. 7400కు రెండో స్లాట్ అంటే 2:4,5,6 అని రాస్తే సరి. సజాతీయాలకు ఇంత పొదుపైన పద్ధతి మరొకటి లేదు. విజాతీయాలకు మాత్రం అదే పేరున్న వేరే సింబల్‌ను పక్కన పెట్టుకోవాల్సిందే.

కైక్యాడ్‌ను ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో జాన్-పియేర్ షారా 1992లో మొదలుపెట్టారు. తర్వాత సెర్న్ సంస్థ దాని అభివృద్ధికి చేయూతనిచ్చింది. ఐఐటీ బాంబేలోని ఫాస్సీ ప్రాజెక్టు తయారుచేసిన ఈసిమ్ కూడా స్కీమాటిక్, బోర్డు పనికి కైక్యాడ్‌నే వాడుకుంటుంది. అందులో సర్క్యూట్ నేర్చుకునే మన విద్యార్థులు పైన చెప్పిన యూనిట్లు, పిన్ను నంబర్ల పద్ధతినే చేతికి తెచ్చుకుంటారు.

సరిచూడడం

సింబల్ పూర్తయ్యాక ఎడిటర్‌లోని పిన్నుల పట్టికను నంబరు వరసలో తెరిచి, డేటాషీట్ పట్టికతో ఒక్కో గీతా సరిచూడాలి. గీసిన మనిషి కాకుండా ఇంకొకరు పైకి చదివితే మరీ మంచిది. ఏ నంబరూ రెండుసార్లు రాకూడదు, ఏదీ తప్పిపోకూడదు. ఎటూ కలపని కాలుకు కూడా సింబల్‌లో స్థానం ఉండాలి. ఫుట్‌ప్రింట్‌ను అసలు కొలతలో కాగితం మీద ప్రింటు తీసి, ఆ కాగితం మీద ఐసీనో రిలేనో పెట్టి చూస్తే కొలత తప్పులూ, అద్దపు ప్రతిబింబం తప్పులూ అక్కడికక్కడే బయటపడతాయి. చివరగా స్కీమాటిక్ తనిఖీ నడపాలి. కైక్యాడ్ ఇటీవలి వెర్షన్లు పేజీ మీద పెట్టని యూనిట్లను పేరుతో చెబుతాయి, పవర్ పిన్నులున్న యూనిట్‌ను మరిచిపోతే దాన్ని ప్రత్యేకంగా ఎత్తి చూపుతాయి. ఆ రెండు రకాల హెచ్చరికలూ సున్నాకు వచ్చాకే బోర్డు ఫైళ్లను ఫ్యాక్టరీకి పంపాలి.